ఇందిర కోసం మా టైలర్ షాపులో కొట్లాట

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కింద మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. గ్రంథాలయాల్లో పాత నవలల బీరువాలు తీసేసి ఆ జాగాలో పోటీ పరీక్షల పుస్తకాలు పెట్టాలని, సీరియల్ నవలలు చదివేవాళ్లను అసలు పాఠకుల లెక్కలోకే తీసుకోవద్దని ఆయన రాశారు. ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి చదువుతున్న పిల్లల మీద ప్రేమతోనే ఆ మొదటి మాట రాసి ఉంటారు. దాని మీద నాకు కోపం లేదు, పిల్లలకు పుస్తకాలు కావాల్సిందే. రెండో మాట దగ్గర మాత్రం చేతిలో కత్తెర పక్కన పెట్టి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. నాకు పుస్తకం అలవాటు చేసినవాళ్లు ఆయన లెక్కలోకి రాని మనుషులే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పైన రాసిన ఇందిర ఒక నవలలోని పిల్ల, ఆమె ముచ్చట ముందుకు వస్తుంది. కొంచెం పొడుగైంది, అయినా దయచేసి పూర్తిగా చదవండి.

నాది నల్లగొండలో రామగిరి వైపు ఒక మడిగెలో టైలర్ షాపు. బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు, చీరలకు ఫాల్, పీకో. రెండు మిషన్లు, గోడకు ఒక అద్దం, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక బెంచీ. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పన్నెండేళ్ల కింద బతుకమ్మ పండగకు ముందు, పొద్దున మిషన్ ఎక్కితే రాత్రి దాకా దిగలేని రోజుల్లో, ఎనిమిది గంటలప్పుడు ఒక నర్సమ్మ తన జాకెట్టు కోసం వచ్చింది. ఇంకా హుక్కులు కుట్టలేదు, అరగంట పడుతుందంటే సరేనని బెంచీ మీద కూర్చొని సంచిలోంచి నవల తీసి చదువుకుంటోంది. షాపులో రేడియో అప్పటికే చెడిపోయి ఉంది. "మాకు కూడ వినపడేటట్టు చదువరాదు నర్సమ్మా" అన్నాను. చదివింది. అరగంట అనుకున్నది పదిన్నర అయింది, ఆమె ఇంటాయన వెతుక్కుంటూ వచ్చాడు. ఆ నవల యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ. ఆ రాత్రి మొదలైన చదువు మా షాపులో ఇప్పటికీ ఆగలేదు. చేతులు, కాళ్లు మిషన్ మీద ఉంటాయి కాబట్టి నేను వినేది ఎక్కువ. కళ్లతో చదివేది రాత్రి ఇంటికి పోయి వంట అయ్యాకే.

ఇప్పుడు మేం ఐదుగురం, మా అత్తమ్మతో ఆరుగురం. ఒకరి రుచి ఒకరికి కలవదు. కలవకపోవడం వల్లే ఇన్నేళ్లు కూర్చోగలిగాం అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందరికీ ఒకే రకం పుస్తకం నచ్చి ఉంటే నాలుగు నెలల్లో అయిపోయేది, బాగుంది అంటే బాగుంది అనుకొని ఎవరి ఇంటికి వాళ్లు పోయేవాళ్లం.

మొదటి గొడవ ఆ సెక్రటరీ మీదే. అందులో హీరో రాజశేఖరం, హీరోయిన్ జయంతి. తెలుగు చెప్పే టీచరమ్మ ఒకామె నా దగ్గర బట్టలు కుట్టించుకుంటుంది. కన్యాశుల్కం, వేయిపడగలు, చివరకు మిగిలేది, అన్నీ చదివిన మనిషి. ఒక సాయంత్రం ఫాల్ వేయించుకోడానికి వచ్చి నర్సమ్మ చదువుతుంటే విని, "ఈ రాజశేఖరాలు ఏ ఊళ్లె ఉంటరు నర్సమ్మా? కారు, బంగళా, పెద్ద మనసు... మన నల్లగొండల ఒక్కడన్న కనపడ్డడా?" అంది. నర్సమ్మ మొహం చిన్నబోయింది. రెండు రోజులు షాపు దిక్కు రాలేదు. మూడో రోజు వచ్చి, టీచరమ్మ వచ్చే దాకా ఉండి, నిలబడే చెప్పింది: "నేను ఇంటర్ చదివేటప్పుడు మా ఊర్లె ఆడపిల్ల ఉద్యోగానికి పోతదంటే నవ్వేటోళ్లు. ఆ పుస్తకంల జయంతి ఉద్యోగం చేసుకుంటది, అంత పెద్ద మనిషి ముంగట కూడ తల దించది, నచ్చకపోతే వద్దంటది. నేను చూసింది రాజశేఖరాన్ని కాదు టీచరమ్మా, జయంతిని. ఆ పిల్లను చూసే నర్సింగ్‌కు అప్లికేషన్ పెట్టిన."

టీచరమ్మ ఏమీ అనలేదు. మర్నాడు వచ్చేటప్పుడు ఒక పాత నవల తెచ్చింది, అట్ట పోయి దారంతో కుట్టి ఉంది. యద్దనపూడి గారిదే, మీనా. కాలేజీలో క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకొని చదివిందట, ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదట. ఎందుకు చెప్పలేదని అడిగితే, సాహిత్యం చదువుకున్నవాళ్ల మధ్యలో ఆ పేరు ఎత్తితే చిన్నచూపు చూస్తారని భయం అంది. సంపాదకుల వారూ, మీ పత్రికలో వచ్చిన ఆ ఉత్తరంలోని మాట లాంటి మాటలే ఆమెను ఇరవై ఏళ్లు భయపెట్టాయి. ఒక పుస్తకం ఇష్టమని చెప్పుకోడానికి ఒక తెలుగు టీచరే భయపడితే ఇక మామూలు మనిషి ఎట్లా నోరు తెరుస్తాడు?

ఇందిర గురించి రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు 1957, 58 ప్రాంతంలో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అవును, అదీ సీరియలే. దాన్ని తీసుకొచ్చింది టీచరమ్మ. వింటున్నవాళ్లలో అప్పుడే కొత్తగా చేరిన కండక్టరు ఉంది. ఆడమనిషే, దేవరకొండ రూటు. ఆమె చదివేది డిటెక్టివ్ నవలలు, యండమూరి వీరేంద్రనాథ్ నవలలు. పేజీ తిప్పితే తర్వాత ఏమైతదో అన్న టెన్షన్ లేని పుస్తకం పుస్తకమే కాదంటుంది. విశాఖపట్నంలో అద్దె ఇల్లు, పైన మెడిసిన్ చదివే ప్రకాశం, కింద తండ్రితో ఇందిర, ఈ కథలో హత్య ఎప్పుడు జరుగుతుందని మొదటి రెండు రోజులు అడిగింది కూడా.

మూడో రోజు నుంచి మాట్లాడడం మానేసి వింది.

ఇందిర ఉద్యోగం చేసి ఇల్లు నడిపే పిల్ల. తండ్రి ఆమె జీతం మీదే బతుకుతాడు. నాకూ ఒక బతుకు కావాలి అనుకుంటుంది, అనుకున్నది దాచుకోదు, దానికోసం ఎవరి మంచితనాన్నీ బతిమాలదు. ప్రకాశం అంత చదువు చదువుతూ కూడా సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకోలేడు, మేనమామ ఎట్లా తిప్పితే అట్లా తిరుగుతాడు. చివరికి ఇందిర ప్రకాశం స్నేహితుడు కృష్ణమూర్తిని చేసుకుంటుంది. పుస్తకం అయిపోయిన రోజు టీచరమ్మ అంది, కథ చాలా గొప్పది గానీ ఇందిర స్వార్థపరురాలు, అదే కథలో ఇంకో పిల్ల కల్యాణి దిక్కు చూడు, ఎంత కష్టంలో ఎంత నెమ్మదిగా నిలబడిందో అని. నర్సమ్మ కూడా అవునంది. నేను కూడా మనసులో అట్లాగే అనుకున్నాను, దాచడం ఎందుకు.

కండక్టరు టికెట్ల మిషన్ బెంచీ మీద పెట్టింది. "మా నాయిన పోయినంక నాకు ఉద్యోగం ఇచ్చిన్రు. నాకు అప్పుడు ఇరవై ఒకటి. ఇద్దరు చెల్లెండ్ల పెండ్లిల్లు జేసిన, తమ్మున్ని చదివిచ్చిన. జీతం వచ్చిన రోజు అందరు నా దిక్కే చూసేటోళ్లు, నా పెండ్లి ముచ్చట మాత్రం ఒక్కలు ఎత్తలే. ఎత్తితే జీతం పోతదని. ముప్పై నాలుగేండ్లకు నేనే ఒకాయన్ని చూసుకొని చేసుకున్న. అప్పుడు మా ఇంట్ల నన్ను ఏమన్నరో ఎరుకేనా? ఇప్పుడు నువ్వన్న మాటనే, టీచరమ్మా. స్వార్థపరురాలు అని."

మిషన్ ఆపేశాను. ఆమె మా షాపుకు వస్తున్నది అప్పటికి ఏడాది దాటింది, ఆ సంగతి మాకెవరికీ తెలియదు. అడిగితే చెప్పేది కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. ఇందిర గురించి మాట్లాడబట్టి బయటికి వచ్చింది. ఆ తర్వాత నెలరోజులు మేం ఇందిర మీదే కొట్లాడుకున్నాం. టీచరమ్మ తన మాట వెనక్కి తీసుకోలేదు, ఆమెకు ఇప్పటికీ కల్యాణే ఇష్టం. కానీ ఆ పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివి వచ్చి, ఇందిర స్వార్థాన్ని శ్రీదేవి గారు ఎక్కడా తప్పు అని రాయలేదు, ఆ తప్పు తీర్పు నాది అని ఒప్పుకుంది. నేను మాత్రం పూర్తిగా కండక్టరు పక్కకు వచ్చేశాను. ఇవాళ ఎవరన్నా నీకు బాగా నచ్చిన పాత్ర ఏదంటే ఇందిర పేరే చెప్తాను.

ఇది ఒక డిటెక్టివ్ నవలల మనిషి, ఒక సాహిత్యం మనిషి ఒకే బెంచీ మీద కూర్చున్నందుకు జరిగింది. ఆ ఉత్తరం రాసిన ఆయన లెక్క ప్రకారం అయితే కండక్టరు పాఠకురాలు కాదు. ఇందిరను మా అందరికన్నా బాగా చదివింది ఆమే.

సీరియల్ నవలల్లో అంతా మంచే ఉందని నేను అనడం లేదు, మా షాపులో ఎవరూ అట్లా అనరు. యండమూరి గారి తులసిదళం మా షాపులో చదివినప్పుడు నర్సమ్మ, కండక్టరు మాట్లాడుకోవడమే మానేసే దాకా పోయింది. కండక్టరు పదహారేళ్ల వయసులో ఆ నవల చదివి మూడు రాత్రులు దీపం ఆర్పకుండా పడుకుందట, అంత భయపెట్టగలిగిన రాతగాడు మామూలోడు కాదంటుంది. నర్సమ్మ పనిచేసేది పల్లె ఆసుపత్రిలో. జ్వరంతో మూర్ఛ వచ్చిన పిల్లను ఎవరో చేతబడి చేశారని మూడు రోజులు మంత్రగాడి దగ్గర తిప్పి, ఆఖరుకు చేతులు చల్లబడ్డాక ఆసుపత్రికి తెచ్చిన తల్లిని ఆమె కండ్లారా చూసింది. పిల్ల బతికింది గానీ ఆ రాత్రి నర్సమ్మకు అన్నం దిగలేదు. "బాణామతి అని ఒక్క మాట లేస్తే మన పల్లెలల్ల మనుషులను సంపుతరు. అసొంటి దాన్ని ఉన్నదన్నట్టు రాస్తే ఎట్ల?" అని ఆమె వాదన. నవలలో డాక్టర్లు ఒక పక్క, మంత్రగాళ్లు ఒక పక్క కొట్లాడతారు, ఏది నమ్మాలో చదివేవాళ్లకే వదిలేశాడు అని కండక్టరు. వదిలెయ్యడమే తప్పు అని నర్సమ్మ. టీచరమ్మ మధ్యలో వచ్చి, ఆ నవల మీద రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారని చెప్పింది. అంటే ఈ పోట్లాట మాతోనే మొదలు కాలేదు. నా మనసు నర్సమ్మ వైపే ఉంది, ఆమె చూసింది నిజమైన పిల్లను. అయినా కండక్టరు ఆ రోజు చెప్పిన ఒక మాట మర్చిపోలేను. ఆ నవల చదవకపోతే నాకు లావు పుస్తకం అంటే భయం పోయేదే కాదు, తులసిదళం అంత లావు చదివిన ధైర్యంతోనే తర్వాతవన్నీ పట్టుకున్నా అంది. ఆ ఉత్తరం రాసిన ఆయన ఈ రెండు సంగతులూ కలిపి ఆలోచించాలని కోరుతున్నాను. పుస్తకం మీద ఎంత కోపమైనా తెచ్చుకోవచ్చు, నర్సమ్మ తెచ్చుకుంది. దాన్ని చదివిన మనిషిని మాత్రం పక్కకు నెట్టలేదు. ఇప్పుడు వాళ్లిద్దరూ ఒకే టిఫిన్ డబ్బా తింటారు.

ఇక నా పుస్తకం సంగతి. మా పుట్టిల్లు నకిరేకల్ పక్కన. వట్టికోట ఆళ్వారుస్వామి గారిది కూడా ఆ దిక్కే, అందుకే ఆయన రాసిన ప్రజల మనిషి నవల అంటే నాకు సొంత ఇంటి మనిషి లెక్క. నిజాం కాలంలో దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దొర, వెట్టి, వాటి మధ్యలో పెరిగి ఎదురు నిలిచిన కంఠీరవం. మా తాత చెప్పిన ముచ్చట్లన్నీ అందులో ఉన్నాయి. చాలా ఇష్టంగా తెచ్చి చదివించాను. అంతా విన్నాక కండక్టరు, "వదినా, ఏమనుకోకు, ఆ కంఠీరవంల ఒక్క తప్పు లేదు. తప్పు లేని మనిషి మనిషెట్లయితడు? ఇందిర పక్కన నిలబెట్టు, దేవుని బొమ్మ తీరు కనపడతడు" అంది. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆమె డ్రెస్సు వారం రోజులు ముట్టలేదు.

అప్పుడు మా అత్తమ్మ కలగజేసుకుంది. అత్తమ్మకు చదువు రాదు, షాపు వెనక గదిలో మంచం మీద పడుకొని అన్నీ వింటుంది. ఆమెది పాలమూరు వైపు బిజినపల్లి దగ్గరి ఊరు. ఆమె చిన్నప్పటి నుంచి విన్నది పండుగ సాయన్న పాట. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన సాయన్న. "మా సాయన్న దొంగతనం జేసిండు, అది తప్పే. తప్పు జేసిండు గన్కనే గన్ని దినాలు పాడుకున్నరు" అంది. అంటే అత్తమ్మ కూడా కండక్టరు వైపే. నేను ఒక్కదాన్నే అయిపోయాను. పంతం పట్టి రాత్రుళ్లు ఆళ్వారుస్వామి గారి గురించి దొరికినవన్నీ చదివాను. ఇళ్లలో వంట చేసి, హోటల్లో పనిచేసి అక్షరాలు నేర్చుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేయించి జనానికి చేర్చిన మనిషి. నిజామాబాద్ జైల్లో దాశరథి కృష్ణమాచార్యుల గారితో కలిసి ఉన్నారు, దాశరథి గారు తన అగ్నిధారను ఈయనకే అంకితం ఇచ్చారు. ఇవన్నీ వచ్చి చెప్తే కండక్టరు మెల్లగా, "ఈ ఆళ్వారుస్వామిని పెట్టి నవల రాస్తే కంఠీరవం కన్న బాగుంటుండె వదినా" అంది. ఆ మాట నాకు నచ్చింది, నిజం చెప్పాలంటే సగం ఒప్పుకున్నాను కూడా. కంఠీరవం మీద ఆమె పడేసిన మాటే లేకపోతే ఆళ్వారుస్వామి గారిని నేను అంత వెతికి చదివేదాన్ని కాదు. ఇంకో సంగతి టీచరమ్మ చెప్పింది. ఇందిరను రాసిన శ్రీదేవి గారు, కంఠీరవాన్ని రాసిన ఆళ్వారుస్వామి గారు ఇద్దరూ 1961లోనే పోయారు. ఆమెకు ముప్పై రెండేళ్లు కూడా నిండలేదు, ఆయనకు యాభై కూడా నిండలేదు. ఇంకా బతికి ఉంటే ఏమేమి రాసేవాళ్లో అని ఆ రోజు అందరం అనుకున్నాం.

అత్తమ్మ ముచ్చట వచ్చింది కాబట్టి ఇదొకటి. కథలు రాసిన పాకాల యశోదారెడ్డి గారిది కూడా అప్పటి పాలమూరు జిల్లా బిజినపల్లే, అక్కడే 1929లో పుట్టారు. ఆమె 'మా ఊరి ముచ్చట్లు' చదువుతుంటే, ఎంతో చదువుకున్న టీచరమ్మ కొన్ని మాటల దగ్గర ఆగిపోయేది, వెనక గదిలోంచి అత్తమ్మ అర్థం చెప్పేది. అక్షరం రాని మనిషి తెలుగు పండితురాలికి తెలుగు చెప్తుంటే మాకు ఎంత సంతోషమైందో. అత్తమ్మ ఆ నెల రోజులు మంచం దిగి వచ్చి మా బెంచీ మీదే కూర్చుంది.

మీ పాఠకుడు ఎవరి కోసమైతే రాశారో ఆ పోటీ పరీక్షల పిల్ల కూడా మా దగ్గర ఉంది. గ్రూప్స్‌కు చదువుతోంది, మూడేళ్లయింది. పక్క సందులో రూము తీసుకొని ఉంటోంది, జాకెట్టు వదులు చేయించుకోడానికి వచ్చి మాలో కలిసింది. మొదటి రోజు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు వస్తే టకటకా అప్పజెప్పింది. గోలకొండ పత్రిక 1926, గోలకొండ కవుల సంచిక 1934, అందులో 354 మంది కవులు, ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ అవార్డు. మేం నోరు తెరుచుకొని విన్నాం. "మరి ఆ పుస్తకంల ఏమున్నది బిడ్డా?" అని అత్తమ్మ అడిగింది. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "బిట్ల వరకే చదివిన అమ్మమ్మా, పుస్తకం ఎన్నడు చూడలే" అంది.

ఆ వారమే తెప్పించాం. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజుల కథ అనుకొని నేను పెద్దగా ఆశ పెట్టుకోలేదు. చూస్తే ఏ కాలంలో మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, ఇవన్నీ పాత కావ్యాల్లోంచి ఏరి పెట్టారు. నేను బట్టలు కుట్టే మనిషిని. బట్టల గురించి, నగల గురించి చరిత్రలో రాస్తారని నాకు ఎవరు చెప్పారు? ఆ భాగాలు వచ్చినప్పుడు రెండుసార్లు చదివించుకున్నాను. నర్సమ్మకు మాత్రం ఆ పుస్తకం నచ్చలేదు, అందులో మనుషుల పేర్లు లేవు, ఎవరి వెంట పోవాలో తెలియదు అంది. కండక్టరు పది పేజీలకే నిద్రపోయింది, పొద్దున నాలుగుకు డ్యూటీ ఎక్కిన మనిషి, తప్పు పట్టను. కోచింగ్ పిల్ల ఒక్కతే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. పొద్దంతా బిట్లు చదివి రాత్రి ఇక్కడికి వచ్చి కూర్చుంటేనే తల తేలికవుతుందని చెప్తుంది. ఆమెకు బాగా నచ్చిన పుస్తకం ఏదో తెలుసా, నవీన్ గారి అంపశయ్య. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే పిల్లగాని మనసులో ఒక్క రోజు నడిచిన కథ. 1969 నాటి నవల అది. రవికి ఉన్న భయాలన్నీ నాకు ఉన్నయి ఆంటీ, ఆయన హాస్టల్ నా రూమే అనిపించింది అంది. పోటీ పరీక్షల పిల్లలకు నవల అవసరం లేదని ఎవరన్నా అంటే ఈ పిల్లను చూపిస్తాను.

గ్రంథాలయాల సంగతి కూడా రాయాలి. మా వైపు ఒక గ్రంథాలయంలో నవలల బీరువాలకు తాళం వేసి ఎన్నో రోజులైంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో మూడుసార్లు అడిగాం. నాలుగోసారి పోతే పాత నవలలను దారాలతో కట్టలు కట్టి మూలకు వేశారు, కింది కట్టకు చెదలు పట్టింది. పై కట్టలో యద్దనపూడి పక్కనే గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్ర కనపడింది. మంచి సాహిత్యం, చిన్న సాహిత్యం అని చెదలు తేడా చూడలేదు. చదువుకునే పిల్లలు మాత్రం కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చొని ఉన్నారు, వాళ్లకు కుర్చీలు, ఫ్యాన్లు, పుస్తకాలు తప్పకుండా ఇవ్వాలి. కానీ దానికి నవలలు అడ్డం కావు. మేం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతుంది, 1960 నాటి చట్టంతో వచ్చిన పద్ధతి అది. నర్సమ్మ కడుతుంది, కండక్టరు కడుతుంది, మా ఇంటికి నేను కడతాను. అట్లాంటప్పుడు మాకు నచ్చే పుస్తకం ఒక బీరువాలో తాళం లేకుండా ఉండాలని అడిగే హక్కు మాకు ఉంది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక పల్లెల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు, ఆడపిల్లలు నల్లగొండకు వస్తున్నారని, జీరో టికెట్లు కొట్టీ కొట్టీ చేతులు నొప్పి పుడుతున్నాయని కండక్టరు చెప్తుంది. పని అయ్యాక తిరుగు బస్సు వచ్చేదాకా వాళ్లు బస్టాండులో గంటలు గంటలు కూర్చుంటారు. ఆ గంటలో ఒక నవల చేతికి దొరికితే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

మీకు కూడా ఒక విన్నపం. మీ ఆదివారం పుస్తకాల పేజీ నేను ఒక్కవారం కూడా వదలను. అందులో కొత్త పుస్తకాల మీద పెద్దవాళ్లు రాసినవే వస్తాయి, చదివి తెలుసుకుంటాను. కానీ అందులో ఎవరూ ఎవరితో కొట్లాడరు. నెలకు ఒక్కసారి, ఒకే పాత్ర గురించి రుచి కలవని ఇద్దరు పాఠకులతో రాయించండి. కన్యాశుల్కంలోని మధురవాణి గురించి ఒక లెక్చరర్‌తో, ఒక కూరగాయలు అమ్మే ఆమెతో రాయించండి. రాయరాకపోతే ఆమె చెప్తుంటే మీవాళ్లు రాసుకోవచ్చు. మొదటిది కావాలంటే మా టీచరమ్మ, మా కండక్టరు సిద్ధంగా ఉన్నారు, ఇందిర మీద ఇంకా తెగలేదు.

ప్రస్తుతం షాపులో కన్యాశుల్కం నడుస్తోంది, గురజాడ గారు బాగా పెంచి మళ్లీ రాసిన 1909 నాటిది. టీచరమ్మ ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క గొంతు పెట్టి చదువుతుంది. గిరీశం వస్తే కండక్టరు పండ్లు కొరుకుతుంది, ఇట్లాంటివాళ్లను రోజూ బస్సులో చూస్తున్నానంటుంది. నర్సమ్మ బుచ్చమ్మ గురించే దిగులు పడుతుంది. కోచింగ్ పిల్లకు మధురవాణి నచ్చింది. అత్తమ్మకు ఇంకా ఎవరూ నచ్చలేదు, చివరి దాకా విని చెప్తానంది.

ఆ ఉత్తరం రాసిన పాఠకుడికి ఈ ఉత్తరం చేరితే ఒక్క మాట చెప్పండి. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి మేం షాపులోనే ఉంటాం. ఆయన రావాలి. వచ్చేటప్పుడు తనకు బాగా నచ్చిన పుస్తకం ఒకటి తీసుకురావాలి, పోటీ పరీక్షలది అయినా సరే, మేం వింటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామగిరి, నల్లగొండ.